జానెడు ఎక్కువైన బల్ల

నాంపల్లి,
12 జూన్ 2024

మామయ్యకు ప్రణవి నమస్కారం.

ఫోన్ చేస్తే నీకు సగం వినబడదు, వినబడిన సగానికి తిడతావు. "చెప్పేదేదన్న ఉంటే ఉత్తరం రాయి" అన్నావు కదా, ఇదిగో రాస్తున్నాను. మళ్ళీ అక్షరాలు బాగాలేవని తిట్టకు.

నువ్వు ముప్పై రెండేళ్ళు చేసిన ఫిజియో సెంటర్‌లో నేను చేరి రెండు నెలలైంది. ఆబిడ్స్ అంతా మారిందంటారు గానీ మన మెట్లు మాత్రం అలాగే చీకటిగా ఉన్నాయి. "సదాశివ మేనకోడలు వచ్చిందంట" అని నన్ను చూడ్డానికే కొందరు నడుము నొప్పి తెచ్చుకుని వస్తున్నారు. రత్నాకర్ సారు తన సెంటర్ గోడకు నా డిగ్రీ తగిలించలేదు, నీ ఫొటో తగిలించాడు. "మీ మామ బొటనవేలు పెడితే చాలు, నరం దారికొస్తుండె" అని రోజుకొకసారైనా అంటాడు. అందరికీ బొటనవేలే కావాలి. మోచేతితో నొక్కితే "గుర్రాన్ని తోముతున్నవా ఏంది?" అని ఒక పెద్దాయన లేచి కూర్చున్నాడు.

అడగాల్సింది ఒకటుంది. కోప్పడకు. నీ బల్ల నాకు చాలా ఎత్తు మామయ్యా. నువ్వు ఆరడుగులు, నేను అయిదు. మనిషి పడుకుంటే వీపు నా ఛాతీ దాకా వస్తుంది. కాలేజీలో మా మేడమ్ మొదటి రోజే చెప్పింది, నిలబడి చేతులు కిందికి వదిలితే బల్ల పిడికిలి దగ్గరికి రావాలని. అప్పుడే ఒంటి బరువు పేషెంటు మీదికి దిగుతుంది. లేకపోతే పని మొత్తం వేళ్ళే చేయాలి. రోజుకు ఇరవై మందికి నా వేళ్ళే చేస్తున్నాయి, సాయంత్రానికి బొటనవేలి మొదట్లో మంట పెడుతోంది.

దాని కాళ్ళు జానెడు కోయించుకుంటాను. సారును అడిగితే "గది మీ మామ బల్ల, ఆయన్నే అడుగు" అన్నాడు. అడిగాను. ఊ అను.

అమ్మ కులాసా. అత్తమ్మను అడిగానని చెప్పు.

నీ పొట్టి మేనకోడలు,
ప్రణవి


బోధన్,
25 జూన్ 2024

చిరంజీవి ప్రణవికి,

నీ మామయ్య ఆశీస్సులు ముందు తీసుకో, తిట్లు తర్వాత.

ఆడలేక మద్దెల ఓడన్నదట ఒకతి. రెండు నెలలకే బల్ల కోయించమంటున్నావు, ఇంకో రెండు నెలలకు మెట్లు ఎక్కలేనని బిల్డింగ్ కోయించమంటావేమో. మీ నాన్న పొట్టివాడైతే అందులో నా టేకు చేసిన పాపమేమిటి?

ఆ బల్ల సంగతి నీకు తెలుసా? గౌలిగూడలో పాత బస్సుల బాడీలు విప్పే చోట దొరికిన టేకు అది. ఎల్లేష్ అని మంచి వడ్రంగి, ఇప్పటికీ ఉన్నాడు, నన్ను గోడకు నిలబెట్టి కొలత తీసుకుని చేశాడు. ఆ రోజు నుంచి దాని మీద పడుకోని మనిషి లేడు ఆబిడ్స్‌లో. వకీళ్ళు, హమాలీలు, రైల్వే గార్డులు, బేగం బజార్ సేట్లు, అందరి వీపులూ దానికి తెలుసు. దాని కాళ్ళ మీద రంపం పెడితే నా కాళ్ళ మీద పెట్టినట్టే.

మంట పెడుతోందన్నావు. పెట్టదా మరి? కొత్త చెప్పు కూడా కరుస్తుంది. వేలు గట్టిపడే దాకా జర ఓపిక పట్టు. ఎత్తు చాలకపోతే పీట వేసుకుని నిలబడు.

నేనిక్కడ ఖాళీగా లేను. రోజుకు పది మంది వస్తున్నారు. అత్తమ్మ బాగుంది.

మామయ్య,
సదాశివ


నాంపల్లి,
20 ఆగస్టు 2024

మామయ్యా, నమస్కారం.

పీట కొన్నాను, బేగం బజార్‌లో. "పూజకా, పెళ్ళికా?" అని అడిగాడు దుకాణం ఆయన. నిలబడ్డానికంటే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పీట ఎక్కితే ఎత్తు సరిపోతుంది గానీ తల దగ్గర్నుంచి నడుము దగ్గరికి, నడుము నుంచి పాదాల దగ్గరికి జరిగినప్పుడల్లా దిగాలి, పీట జరపాలి, మళ్ళీ ఎక్కాలి. ఒక్క పేషెంటుకు ఏడెనిమిది సార్లు. నూనె చుక్క పడితే కాలు జారుతుంది, రెండుసార్లు జారింది. సారు గడియారం చూస్తాడు. అందుకని సగం సమయం పీట లేకుండానే చేస్తున్నాను.

మంట ఇప్పుడు నొప్పి అయింది. పచ్చడి సీసా మూత తిప్పలేకపోయాను నిన్న. అమ్మ తిప్పింది. "చదువుకున్న చేతులు గిట్లనే ఉంటయి" అంది, ఆమెకు అది ఎగతాళే, నాకు గుచ్చుకుంది.

సారుకు చెప్పాను. "మీ మామ ముప్పై ఏండ్లు చేసిండు, ఒక్క దినం చెయ్యి నొస్తుందని అనలే. నీకేమైంది?" అన్నాడు. ఇంటికొచ్చి నీ ఉత్తరం తీసి మళ్ళీ చూశాను. ఇన్నేళ్ళు చేసిన చెయ్యి, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఒక్క గీత కూడా వణకలేదు. అయితే తప్పు పనిలో లేదు, బల్లలో లేదు, నా చేతిలోనే ఉందనుకున్నాను.

నిజంగా ఒక్క మాట చెప్పు మామయ్యా. నీకు ఎప్పుడూ నొప్పి రాలేదా? వస్తే ఏం చేశావు? ఇంకెవరిని అడగాలో నాకు తెలియదు.

ప్రణవి


బోధన్,
5 సెప్టెంబర్ 2024

ప్రణవికి ఆశీస్సులు.

రాలేదు. ఒక్క రోజూ రాలేదు. రాసి ఇచ్చాను, దాచుకో.

రాత్రి పడుకునే ముందు గోరువెచ్చని నీళ్ళలో గళ్ళుప్పు వేసి చెయ్యి పెట్టు. ఆ నీళ్ళు నలుగురు తొక్కని చోట పోయి. మా ఉస్తాద్ చెప్పేవాడు, పేషెంటు నొప్పి మన వేళ్ళలోకి దిగితేనే వాడికి తగ్గుతుందని. నీకు నొస్తోందంటే వాళ్ళకు తగ్గుతోందని అర్థం. సంతోషపడాల్సింది పోయి ఏడుస్తావా?

ఇంకో సంగతి. నీ చేత ఈ బల్ల మాట రాయిస్తున్నది రత్నాకర్ కాదు కదా? నేను లేనిది చూసి నా గుర్తు ఒక్కొక్కటీ తీసేద్దామని వాడికి ఉండొచ్చు. బల్ల కాళ్ళు కోస్తే ఇక సదాశివ ఎక్కడ నిలబడతాడు? వాడికి చెప్పు, సదాశివ ఇంకా చావలేదు, దసరాకు వస్తున్నాడు, తన బల్ల తానే చూసుకుంటాడని. వచ్చినప్పుడు నీ పట్టు చూసి ఎక్కడ తప్పో చెబుతాను. అప్పటిదాకా ఫికర్ పెట్టుకోకు.

మామయ్య


నాంపల్లి,
30 నవంబర్ 2024

మామయ్యా,

దసరా పోయింది, దీపావళి పోయింది. నువ్వు రాలేదు. నీకోసం సారు దగ్గర ఒక రోజు సెలవు చెప్పి పెట్టుకున్నాను.

ముందు ఒకటి చెప్పనీ. సారు నా చేత రాయించడం లేదు. ఆ మాటకు నాకు వారం రోజులు అన్నం సయించలేదు. నేను అడిగింది నా చెయ్యి కోసం. నీ గుర్తులు చెరపడానికి కాదు. నువ్వేమో నాకు పని మీద ఇష్టం లేదనుకున్నావు, నేను కుట్ర చేస్తున్నాననుకున్నావు, నొప్పి ఉందని మాత్రం అనుకోలేదు.

ఇప్పుడు కుడి బొటనవేలి మీద ఎడమ బొటనవేలు పెట్టి నొక్కుతున్నాను. మొన్న మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలాలు కొన్నాను. బాగా పండినవి, చెయ్యి తగిలితే విచ్చుకునేవి. ఒకటి విప్పబోతే వేలు వెనక్కి వాలింది. పండు వదిలేసి అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఎవరో ముసలావిడ నాకెవరో పోయారనుకుంది.

దవాఖానకు వెళ్ళాను. కీలును పట్టి ఉంచే లిగమెంట్ సాగిపోయిందట. ఆరు వారాలు పని మానాలి, పట్టీ కట్టాలి, తర్వాత బల్ల మార్చుకుని మెల్లగా మొదలుపెట్టాలి, ఇప్పుడే ఆపితే పూర్తిగా బాగవుతుంది అన్నాడు డాక్టర్. సారుకు చెబితే, "ఆరు వారాలు పేషెంట్లు ఆగుతరా? ఇంకొకర్ని పెట్టుకుంట, నీ ఇష్టం" అన్నాడు.

రెండు రోజులు ఆలోచించాను. డాక్టర్ ఆగమన్నాడు. నువ్వు ఒక్క రోజూ నొప్పి రాలేదని రాసి ఇచ్చావు. డాక్టర్ నన్ను పది నిమిషాలు చూశాడు, నువ్వు ముప్పై రెండేళ్ళు ఈ పనే చేశావు. నీ మాటే నమ్మాను. పట్టీ తీసి పర్సులో పెట్టుకుని పనికి వెళ్తున్నాను. ఉగాది దాకా గట్టిపడకపోతే అప్పుడు చూస్తాను.

కోటేశ్వరమ్మ గారని ఒకావిడ వస్తుంది. వాళ్ళది గుంటూరు వైపు, ఇక్కడే స్థిరపడ్డారు. భుజం పట్టేసింది. నిన్న అంది, "ఏమ్మా, ఇవాళ చేతిలో బలం లేదేంటి? అన్నం తిన్లేదా?" అని. తిన్నానన్నాను.

ప్రణవి


బోధన్,
9 డిసెంబర్ 2024

చిరంజీవి ప్రణవికి ఆశీస్సులు.

దసరాకు నడుము పట్టి రాలేకపోయాను. నా మీద కోపం పెట్టుకోకు.

దవాఖాన డాక్టర్లు అందరికీ ఆరు వారాలే చెబుతారు. నువ్వు చేసిన పని మంచిది. పట్టు వదలకు. వేసవిలో తప్పకుండా వస్తాను, నీ పక్కనే నిలబడి నాలుగు రోజులు నేనే చేస్తాను, చూసి నేర్చుకుందువు. బల్ల మాత్రం ముట్టుకోవద్దు.

మామయ్య

ప్రణవీ, పైన రాసింది మీ మామ చెప్పింది. సదివి మంచిగుంది అన్నడు, చాయ్ తాగొస్తనని పోయిండు. ఇగ గీ కింద రాసేది నాది. కవర్ అంటిచ్చేలోపల రాయాలె.

గీ ఉత్తరాలన్నీ నేనే రాస్తున్న బిడ్డా. నువ్వు మెచ్చుకున్న అక్షరాలు నావి. మీ మామ పెన్ను పట్టక నాలుగేండ్లాయె. రెండు బొటనవేళ్ళు పోయినయి. అంగీ గుండీలు నేను పెడ్త. అన్నం కలుపుకోరాదు, చెంచతోని తింటడు. ఇంటికి ఎవలన్న వస్తె ఆకలి లేదంటడు. బోధన్ల ఒక్క పేషెంట్ లేడు. నువ్వు చూడొస్తనంటే ఇల్లు చిన్నగుందని ఆపింది గందుకే.

ఆబిడ్స్‌ల ఆఖరి రెండేండ్లు పొద్దుగాల లేస్తె వేళ్ళు తెరుసుకోకపోతుండె. వేడినీళ్ళల్ల పెట్టి ఒక్కొక్కటి నేనే ఇప్పుతుంటి. ఎవ్వలకు చెప్పొద్దని తన మీద ఒట్టేపిచ్చుకున్నడు. గియాల ఒట్టు తప్పుతున్న, ఏమైతదో దేవుడే చూసుకోవాలె.

చెయ్యి బాగైతదని, మల్ల ఆ బల్ల కాడ నిలబడ్తనని ఆయన ఆశ. కోస్తె ఇగ తన ఎత్తు కాదు కదా. గందుకే కొయ్యనియ్యడు. నువ్వు ఆ పని ఇయాలనే ఆపు. డాక్టర్ చెప్పినట్టు ఇను.

మీ అత్తమ్మ
అనసూయ


నాంపల్లి,
3 జనవరి 2025

మామయ్యా,

ఎడమ చేత్తో రాస్తున్నాను. ఒక్కో మాటకు చాలాసేపు పడుతోంది. అందుకని చిన్నగా రాస్తాను.

అత్తమ్మ రాసింది డిసెంబర్ పదహారున అందింది. పన్నెండునే అయిపోయింది.

కోటేశ్వరమ్మ గారి భుజం. పీట వేసుకోలేదు, బయట తొమ్మిది మంది ఉన్నారు. మునివేళ్ళ మీద నిలబడి నొక్కుతుంటే టప్పున చప్పుడైంది. ఆవిడ తన ఎముక అనుకుని కేక పెట్టింది. తర్వాత నా చెయ్యి చూసింది. "అయ్యో తల్లీ, నేనేమన్నా కదిలానా?" అని నన్ను పట్టుకుని ఏడ్చింది. నా బొటనవేలు పక్కకు వేలాడుతోంది. నాకు ఏడుపు రాలేదు. ఇక నొక్కక్కర్లేదు అనుకున్నాను, అంతే.

లిగమెంట్ పూర్తిగా తెగింది, కీలు అప్పటికే అరిగిపోయిందట. ఆపరేషన్ చేసి కీలు బిగించేశారు. ఇక వంగదు. ఈ వేలితో పని చేయకూడదు, ఎప్పటికీ.

"నొప్పి మొదలై ఎన్నాళ్ళైంది?" అని అడిగాడు డాక్టర్. ఏడు నెలలన్నాను. "చదువుకున్నదానివి, ఏడు నెలలు ఎట్లా ఊరుకున్నావు?" అన్నాడు. నీ పేరు చెప్పలేదు. చెబితే నాకే సిగ్గు.

రాలేదు, ఒక్క రోజూ రాలేదు అని రాయించావు. నాకు ఉపాయం అక్కర్లేదు, మందు అక్కర్లేదు. నాకూ వచ్చింది బిడ్డా అని ఒక్క ముక్క రాస్తే ఆగిపోయేదాన్ని. నా చెయ్యి నాకుండేది. నిన్ను క్షమించడం నాకు చేతకావడం లేదు మామయ్యా.

ప్రణవి


బోధన్,
2 ఫిబ్రవరి 2025

ప్రణవీ,

ఆశీస్సులు ఇచ్చే ముఖం లేదు.

ఇది కూడా మీ అత్తమ్మే రాస్తోంది. ఇక దాచేదేముంది? నీ ఉత్తరం వచ్చాక ఆమె చేసిన పని తెలిసి మూడు రోజులు ఆమె మీద అలిగాను. నాలుగో రోజు అన్నం కలిపి పెట్టమని నేనే అడిగాను.

నాకు మొదలైంది నలభై అయిదో ఏట. రోజుకు ఇరవై అయిదు మంది. పొద్దున్నే టీ గ్లాసు జారిపోయేది. బయట తెలిస్తే పేషెంట్లు రారు, చెయ్యి పాడైన మాలిష్‌వాడి దగ్గరికి ఎవరొస్తారు? పళ్ళు బిగబట్టి నొక్కేవాణ్ణి. వాళ్ళు "ఏం చెయ్యి సదాశివా!" అనేవాళ్ళు. ఆ మాట కోసం ఇంకో పదేళ్ళు నొక్కాను. చివరికి ఒకాయన నడుము మీద నా రెండు వేళ్ళూ బిగుసుకుపోయాయి. రత్నాకర్ తలుపేసి విడిపించాడు. వాడికి అంతా తెలుసు. మర్నాడే శాలువా కప్పి, ఫొటో తీసి పంపించాడు. "మీ మామ ఒక్క దినం అనలే" అని నీతో అన్నవాడు వీడే. వాడితో ఒట్టు వేయించుకున్నది నేనే.

ఉప్పు నీళ్ళ మాట నేను నమ్మలేదు. నా ఉస్తాద్ చెప్పినప్పుడూ నమ్మలేదు. ఆయన చేతులు కూడా చివర్లో దుప్పటి కిందే ఉండేవి, నేనెప్పుడూ చూడలేదు, అడగలేదు.

నువ్వు అడిగావు. అడిగినప్పుడు చెప్పాలనే కూర్చున్నాను. "రాలేదు" అని నోట్లోంచి వచ్చింది. రాయనని అత్తమ్మ పెన్ను కింద పెట్టింది. అరిచి రాయించాను.

బల్ల కోయించు. జానెడు కాదు, ఎంత కావాలంటే అంత. ఎల్లేష్‌కు కబురు పంపాను. నేను మళ్ళీ అక్కడ నిలబడను. ఈ మాట చెప్పడానికి నీ వేలు పోవాల్సి వచ్చింది. నన్ను క్షమించమని అడగను.

సదాశివ


నాంపల్లి,
20 ఏప్రిల్ 2025, ఆదివారం

మామయ్యా,

రెండు నెలలు జవాబు రాయలేదు. రాయకూడదనే అనుకున్నాను. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

నేను మళ్ళీ సెంటర్‌కే వెళ్తున్నాను. ముందు కౌంటర్‌లో టోకెన్లు ఇస్తాను. వేరే చోట అడిగాను, కుడి చెయ్యి చూసి ఎవరూ తీసుకోలేదు. ఇల్లు కిరాయిది, అమ్మకు నేను తప్ప దిక్కులేదు, నీకు తెలుసు. "సదాశివ మేనకోడలు రోడ్డు మీద పడితే నాకు ఇజ్జత్ కాదు" అని సారే పిలిచి కూర్చోబెట్టాడు.

ఎల్లేష్ తాత రంపం పట్టుకుని మార్చిలో వచ్చాడు. నువ్వు పంపావని చెప్పాడు. సారు ఒప్పుకోలేదు. "పేషెంట్లు సదాశివ బల్ల మీదనే పండుకుంటమని వస్తున్నరు. గిప్పుడు కాళ్ళు కోసి పొట్టి చేస్తె ఏమనుకుంటరు? కావాలంటే పీట ఉన్నది కదా" అన్నాడు. నువ్వే కోయమన్నావంటే, సెంటర్‌లో ఉన్న సామాను సెంటర్‌దే అన్నాడు. ఎల్లేష్ తాత బల్ల కాళ్ళు తడిమి చూసి, రంపం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మొన్న సోమవారం కొత్త అమ్మాయి చేరింది. పేరు లహరి. ఇరవై మూడేళ్ళు. నాకన్నా రెండు వేళ్ళు పొట్టి. మా కాలేజీయే. నా వేలి సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇంటర్వ్యూలో బాగా నొక్కిందని సారు మురిసిపోయాడు.

గురువారం పేషెంట్ల మధ్యలో బయటికొచ్చింది. కుడి బొటనవేలు ఎడమ చేత్తో పట్టుకుని ఉంది. కౌంటర్ మీదికి వంగి అడిగింది, "అక్కా, ఆ బల్ల చాలా ఎత్తుగా లేదూ? నువ్వూ దాని మీదే చేశావు కదా, నీకు నొప్పి రాలేదా?" అని.

సారు నా పక్కనే నిలబడి ఉన్నాడు. బెంచీ మీద ఏడుగురు పేషెంట్లు, అందరూ మా వైపే చూస్తున్నారు. నా కుడి చెయ్యి కౌంటర్ మీద ఉండాల్సింది. చున్నీ కిందికి లాగేసుకున్నాను.

"రాలేదు," అన్నాను. "అలవాటైపోతుంది."

ఆ పిల్ల నమ్మింది మామయ్యా. "హమ్మయ్య, అయితే తప్పు నా పట్టులోనే ఉంది" అని నవ్వి లోపలికి వెళ్ళింది. ఆ రోజు ఇంకో పదకొండు మందికి చేసింది. టోకెన్లు నేనే ఇచ్చాను.

మూడు రోజుల నుంచి నాకు నిద్ర లేదు. నీ మీద నాకున్న కోపమంతా ఇప్పుడు నా మీదికి తిరిగింది. నీకు చెయ్యి దాచుకోవడం ఎందుకు అంత అవసరమైందో నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు, గురువారం తెలిసింది. తెలిసినంత మాత్రాన నిన్ను క్షమించలేదు. నన్ను నేనూ క్షమించలేదు. కానీ లహరిది ఇంకా మొదటి వారమే. డాక్టర్ నాతో అన్నాడు చూడు, ఇప్పుడే ఆపితే పూర్తిగా బాగవుతుందని. ఆ పిల్లకు ఆ సమయం ఉంది.

ఒక్కదాన్నే చెప్పబోయి, మళ్ళీ టోకెన్లే సర్దుకుంటున్నాను. రేపు చెబుతాను, ఎల్లుండి చెబుతాను అనుకుంటూ గంటలు లెక్కపెడుతున్నాను. నువ్వు రా. అత్తమ్మను తోడు తెచ్చుకో. గుండీలు పెట్టి తీసుకొస్తుంది. చేతులు శాలువాలో పెట్టుకుని రాకు. నీ రెండు చేతులూ, నా చెయ్యి, ఆ బల్ల మీద పెట్టి లహరికి చూపిద్దాం. "ఏం చెయ్యి సదాశివా" అన్న వాళ్ళందరూ కూడా చూడాలి. సారు తరిమితే తరమనీ, నా కుర్చీ పోతే పోనీ. నీ పరువు పోతుందని నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను.

ఈ ఉత్తరం నీకు బుధవారానికో గురువారానికో అందుతుంది. శనివారం సెంటర్‌లో రద్దీ ఎక్కువ, అందరూ ఉంటారు. శనివారమే రా.

ప్రణవి